సూరత్ కోర్టు పరిధిలో ఒక పద్యం

పండగ కార్డు మీద పద్యం రాయడం నాకు ఎప్పటినుంచో ఉన్న పిచ్చి. పెళ్ళి చేసుకుని బందరు వైపు నుంచి సూరత్ వచ్చినప్పుడు నాతో పాటు తెలుగు ఎమ్మే పట్టా వచ్చింది, ఈ పిచ్చీ వచ్చింది. పట్టాకి ఇక్కడ పని దొరకలేదు. పిచ్చికి మాత్రం చేతినిండా దొరికింది. మావారి బ్యాంకులోనూ, రైల్వేలోనూ, హజీరా కంపెనీల్లోనూ పనిచేసే తెలుగువాళ్ళ ఇళ్ళకి ఉగాదికీ దీపావళికీ నేనే కార్డులు రాసి పంపుతాను. దళసరి అట్ట కొనుక్కొచ్చి, మధ్యకి మడిచి, పైన మామిడాకో దీపమో గీసి, లోపల ఎవరికి తగిన పద్యం వాళ్ళకి రాస్తాను. కింద కవి పేరు తప్పకుండా వేస్తాను.

"ఎవరు చదువుతారే ఇవన్నీ?" అంటారు మావారు. ఆయనకి పద్యం వినిపిస్తే రెండో పాదానికే ఆవులింత వస్తుంది. ఆయన భయం ఆయనది లెండి. ఒకసారి వాళ్ళ పై ఆఫీసరుకి కొత్త సంవత్సరం కార్డు మీద, రాజుల దయ ఎంత నిలకడ లేనిదో చెప్పే పద్యం రాసి పంపాను. నడక బాగుంది కదా అని రాశాను, అంతకు మించి నా మనసులో ఏమీ లేదు. ఖర్మ కొద్దీ ఆ ఆఫీసరుకి తెలుగు బాగా వచ్చు. ఆ ఏడాదంతా మావారికి అడిగినప్పుడు సెలవు దొరకలేదు. అప్పటినుంచి ఆఫీసు వాళ్ళ కార్డులు ముందు తనకి చూపించాకే కవరులో పెట్టాలని ఇంట్లో చట్టం చేశారు.

నాకు ఒళ్ళు మండేది ఫోన్లో వచ్చే శుభాకాంక్షలు చూస్తే. ఒక సూర్యోదయం, ఒక తామరపువ్వు, వాటి మీద ఎవరో మహానుభావుడి పేరు పెట్టి, ఆయన కలలో కూడా అనని మాట. ఇంకొందరు పద్యంలో తియ్యగా ఉన్న సగం కోసుకుని మిగిలిన సగం పారేస్తారు. ఒకావిడ నా పుట్టినరోజుకి పంపిన నాలుగు పాదాలు ఒక కవి తన స్నేహితుడు పోయినప్పుడు రాసుకున్నవి. అదేమిటండీ అని అడిగితే, "వెలుగు అని ఉంది కదా, బాగుందని పంపాను" అంది. ఆ రోజు నేను చేసుకున్న పాయసం నాకే సహించలేదు. మావారు మాత్రం నా వాటా కూడా తిని, నవ్వలేక నవ్వలేక సోఫాలో పడుకున్నారు.

మేముండేది అమ్రోలిలో ఒక అపార్టుమెంటులో. మా కింది ఫ్లాటు ఒక షేఠ్‌ది. ఆయనకి రింగురోడ్డు మార్కెట్లో చీరల హోల్‌సేలు దుకాణం ఉంది. అరవై దాటిన మనిషి. కోపమొచ్చినా నవ్వొచ్చినా గొంతు ఒకే స్థాయిలో లేస్తుంది కాబట్టి, పై అంతస్తులో ఉన్న మాకు ఏది ఏదో తెలియదు. నన్ను బెన్ అని పిలుస్తారు, అంటే చెల్లెలి వరస. ఆయన భార్య నాకు భాభీ. మా మాటలన్నీ సగం హిందీలో, సగం గుజరాతీలో సాగుతాయి కానీ ఇక్కడ తెలుగు చేసి చెబుతున్నాను.

దీపావళి మర్నాడు గుజరాతీలకి కొత్త సంవత్సరం. తెల్లవారగానే కొత్త బట్టలు కట్టుకుని, గడప గడపకీ వెళ్ళి "సాల్ ముబారక్" చెప్పుకుంటారు. వెళ్ళిన ప్రతి ఇంట్లో సోంపూ మిఠాయీ చేతిలో పెడతారు. ఆ రోజు నేనూ అందరి ఇళ్ళకీ వెళ్తాను. ఒక ఏడు షేఠ్ ఇంటికి వెళ్తూ, దీపాల మీద పద్యం రాసిన కార్డు ఒకటి మిగిలితే తీసుకెళ్ళి ఇచ్చాను. ఆయన దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, అక్షరాలు జిలేబీల్లా ఉన్నాయని మెచ్చుకుని, అర్థం చెప్పమన్నారు. చెప్పాను. మళ్ళీ చెప్పమన్నారు. తరవాత ఆ కార్డు ఆయన దుకాణంలో బల్ల అద్దం కిందికి చేరిందని భాభీ చెప్పింది. నాకు చాలా గర్వంగా అనిపించింది. ఎంత గర్వమంటే, ఆ వారమంతా మావారితో ఆ సంగతి తప్ప ఇంకోటి మాట్లాడలేదు.

రెండేళ్ళ క్రితం, హోలీకి ముందు, షేఠ్ మా ఇంటికొచ్చారు. ఆయన చీరలు సగానికి పైగా మన తెలుగు ఊళ్ళ దుకాణాలకే వెళ్తాయి. ఉగాదికి ఆ దుకాణదారులందరికీ తెలుగులో కార్డులు పంపాలట, ఫోన్లో కాదు, కాగితం మీదే పంపాలట. "ఫోన్లో పంపితే వేలితో తోసేస్తారు బెన్. కార్డయితే గల్లాపెట్టె పైన పెట్టుకుంటారు" అన్నారు. అందులో ఒక మంచి తెలుగు పద్యం ఉండాలి. నేను అప్పుడే పుస్తకాల అలమర వైపు చూస్తున్నాను.

మాట అయిపోయినా ఆయన లేవలేదు. టీ తాగారు. ఇంకో టీ ఇస్తానంటే వద్దనలేదు. అది తాగాక, "ఒక్క కార్డు మాత్రం వేరే కావాలి" అన్నారు.

ఆ కార్డు జగిత్యాలలో బట్టల దుకాణం ఉన్న ఒక పెద్దమనిషికి. ఇద్దరికీ పాతికేళ్ళ స్నేహం. ఆ జగిత్యాల ఆయనకి పద్యాలంటే ప్రాణమట. కుర్రతనంలో నాటకాలు వేసేవారట. సరుకు కోసం వచ్చినప్పుడల్లా దుకాణంలో పరిచిన తెల్లటి గాదీ పరుపు మీద కూర్చుని, చీరలు చూడబోయే ముందు ఒక పద్యం రాగం తీసి పాడేవారట. "నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. వాహ్ వాహ్ అనేవాణ్ణి. నేను వాహ్ అంటే ఇంకా పొడుగు తీసేవాడు" అని చెబుతూ షేఠ్ తనూ చెయ్యెత్తి గాలిలో ఒక రాగం గీశారు.

ఆ జగిత్యాల ఆయన కూతురి పెళ్ళికి షేఠ్ వస్తానని మాటిచ్చారు. ఆ పిల్ల పసితనంలో తండ్రి వెంట సూరత్ వచ్చి ఈయన్ని బాబాయి వరసన కాకా అని పిలుస్తూ ఒళ్ళో ఆడుకుంది. పెళ్ళిచీర నేనే నా చేతులతో తెస్తానని ఆ పిల్లకి ఫోన్లో చెప్పారు. తీరా ఆ సమయానికి మార్కెట్లో పెళ్ళిళ్ళ సీజను. దుకాణంలో కాలు పెట్టడానికి చోటు లేదు. షేఠ్ కదల్లేకపోయారు. చీర పార్సిల్లో పంపారు. ఆ తరవాత జగిత్యాల నుంచి ఫోన్ రాలేదు. ఈయనా చెయ్యలేదు. ఆ మనిషి సూరత్ రావడం మానలేదు, అదే మార్కెట్లో ఇంకో అంతస్తులో సరుకు కొనుక్కుని పోతున్నారు. లిఫ్టు దగ్గర ఒకసారి ఎదురుపడితే తల పక్కకి తిప్పుకున్నారట.

"సరుకు పోతే పోయింది. నా దుకాణంలో ఇప్పుడు ఎవరూ పాడరు" అన్నారు షేఠ్. ఆ మాట ఆయన కిందింటి నుంచి పైకి వినిపించనంత మెల్లగా అన్నారు. "అతన్ని నా గడప ఎక్కించే పద్యం ఒకటి వెతుకు బెన్." వెతుకుతానన్నాను. ఒక్క పద్యంతో ఆ మనిషిని రప్పిస్తానని మనసులో ఒట్టు కూడా పెట్టుకున్నాను.

అందరి కార్డుకీ వసంతం మీద ఒక పద్యం ఇట్టే దొరికింది. జగిత్యాల కార్డుకే నా తల ప్రాణం తోకకొచ్చింది. స్నేహం మీద మనకి పద్యాలు లేక కాదు. కొన్ని మరీ నీతి పాఠంలా ఉన్నాయి. తప్పు చేసినవాడు నీతి చెబితే ఎదుటివాడికి మండదా? కొన్నింటిలో స్నేహితుణ్ణి ఆకాశానికెత్తేస్తారు, అది కాకా పట్టినట్టుంటుంది. వంట మానేసి వెతుకుతున్నానని మావారు రెండు పూటలు బయటినుంచి ఖమణ్ పలహారం తెచ్చారు. చివరికి ఎమ్మేలో చదివిన పాత కావ్యంలోంచి ఒకటి దొరికింది. ఎడబాటులో ఉన్న స్నేహితుణ్ణి తలుచుకుని ఒకడు చెప్పుకునే పద్యం. పొగడ్త లేదు, నీతి లేదు. చివరి పాదంలో మాత్రం చిన్న చేదు ఉంది.

ఆ చేదు దగ్గరే షేఠ్‌తో గొడవ వచ్చింది. అర్థం విని, "పండగ పూట ఈ కడవా మాట, ఈ చేదు ఎందుకు? చివరి లైను తీసేయ్" అన్నారు.

"తియ్యను."

"పోనీ సగం తీసేయ్. అక్షరాలు పెద్దవిగా పడతాయి."

"పద్యం గుడ్డల తాను కాదు షేఠ్‌జీ, అడిగినన్ని మీటర్లు కత్తిరించి ఇవ్వడానికి. మొత్తం వేస్తే వెయ్యండి, లేకపోతే మానెయ్యండి" అన్నాను. మా ఉగాది పచ్చడిలో వేపపువ్వు తీసేసి తినమంటారా అని కూడా అడిగాను. భాభీ పక్కనుంచి, "ఆవిడ చెప్పినట్టు చెయ్యండి. పాతికేళ్ళు అర్థం తెలియకుండానే వాహ్ అన్నారు కదా, ఇప్పుడూ అనండి" అంది. ఆయన బేరం మానేశారు.

ప్రింటింగ్ ప్రెస్సు మార్కెట్ వెనక సందులో ఉంది. అక్కడెవరికీ తెలుగు రాదు. కంప్యూటర్లో మన ఒత్తులన్నీ ఊడిపోయి తలో దిక్కునా పడి ఉన్నాయి. పక్కన స్టూలు వేసుకుని కూర్చుని ఒక్కో ఒత్తునీ దాని అక్షరం కిందికి చేర్పించాను. కవి పేరు సరిచూశాను. కామాలు సరిచూశాను. ప్రెస్సాయన నా వైపు చేతులు జోడించేదాకా లేవలేదు. కార్డులు అచ్చై, కవర్లలోకెక్కి, ఊళ్ళకి వెళ్ళిపోయాయి. నాకోసం షేఠ్ రెండు రకాలూ ఒక్కోటి చొప్పున పంపించారు.

నా అచ్చు కార్డు చూసుకోవడానికి కళ్ళజోడు పెట్టుకుని మరీ కూర్చున్నాను. పైన దుకాణం పేరు, కింద వినాయకుడు, ఆ కింద నా పద్యం, ఒక్క ఒత్తు కూడా జారకుండా ఉంది. మురిసిపోతూ ఇంకా కిందికి వచ్చాను. అంచున సన్నటి ఇంగ్లీషు అక్షరాలు. ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు. తగాదాలన్నీ సూరత్ కోర్టు పరిధిలోనే తేల్చుకోవలెను.

నేను చెప్పులు కూడా వేసుకోకుండా కిందికి పరిగెత్తాను. షేఠ్ తాపీగా భోంచేస్తున్నారు. కార్డు చూపించి, ఇదేమిటన్నాను. ఆయనకి నా కంగారు అర్థం కాలేదు. సూరత్‌లో ఏ వ్యాపారి కాగితం మీదైనా ఆ రెండు ముక్కలూ ఉంటాయట. బిల్లు మీద ఉంటాయి, చలానా మీద ఉంటాయి, ఆఖరికి ఆయన కొడుకు పెళ్ళి శుభలేఖ ఈ ప్రెస్సులోనే వేస్తే అందులోనూ పడ్డాయట. "మా నాన్నగారి కాలం నుంచీ ఆ లైను లేకుండా మా కాగితం ఏదీ బయటికి పోదు" అన్నారు.

"ఆ జగిత్యాల కార్డు మీద కూడా ఉండాలా?" అని అడిగాను.

ఆయన చేతిలో రొట్టె ముక్క ఆగిపోయింది. స్నేహితుణ్ణి తలుచుకుని బాధపడే పద్యం, దాని కిందనే తగాదా ఉంటే కోర్టుకి రమ్మని తాఖీదు. "అయిపోయింది బెన్. పోట్లాటకి పిలిచాననుకుంటాడు" అన్నారు. భాభీకి నవ్వొచ్చింది కానీ ఆయన మొహం చూసి మింగేసింది. నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. ప్రెస్సులో అన్ని గంటలు కూర్చుని అంచు చూడనందుకు నన్ను నేనే తిట్టుకుంటూ పైకొచ్చాను.

ఉగాది దగ్గరపడింది. మిగతా ఊళ్ళ నుంచి ఫోన్లు రావడం మొదలైంది. నరసరావుపేట ఆయన పద్యం చాలా బాగుందన్నారు. వరంగల్లు ఆయన కార్డుని పటం కట్టించానన్నారు. ఇంకొకాయన ఈ పద్యం అర్థం ఏమైనా కొత్త డిస్కౌంటా అని అడిగారట. కోర్టు సంగతి ఒక్కరు కూడా ఎత్తలేదు, వాళ్ళ బిల్లుల మీద రోజూ చూసేదే కాబట్టి కళ్ళు అటు పోయి ఉండవు. జగిత్యాల నుంచి మాత్రం ఉలుకూ పలుకూ లేదు. ఉగాది నాడు పచ్చడి తీసుకెళ్తే, షేఠ్ ఒక చేత్తో ఫోన్ పట్టుకునే రెండో చేత్తో గిన్నె అందుకున్నారు. చేదు తగిలి మొహం చిట్లించి, మొత్తం తాగేశారు. సాయంత్రం దాకా ఫోన్ మోగుతూనే ఉంది. ఆయన ప్రతిసారీ ఆశగా చూసి, పేరు చదివి, మామూలుగా మాట్లాడారు. నాకు చాలా జాలేసింది.

వారం తరవాత, మధ్యాహ్నం నేను మజ్జిగ పోపు పెడుతుంటే షేఠ్ దుకాణం నుంచి ఫోన్ చేశారు. "బెన్, అతను వచ్చాడు. వచ్చి నిలబడ్డాడు. ఒక్క ముక్క హిందీ మాట్లాడటం లేదు, అంతా తెలుగే మాట్లాడుతున్నాడు. రిక్షా ఎక్కి తొందరగా రా!"

పోపు గిన్నె అలాగే దింపేసి ఆటో ఎక్కాను. తాపీ నది వంతెన మీద ట్రాఫిక్ చూసి ఆటో అతన్ని ఊరికే సతాయించాను. మార్కెట్ లిఫ్టు కోసం నిలబడలేక మెట్లెక్కి, ఆయాసపడుతూ దుకాణంలో అడుగుపెట్టాను.

తెల్ల చొక్కా వేసుకున్న బక్కపలచటి పెద్దమనిషి ప్లాస్టిక్ స్టూలు మీద నిటారుగా కూర్చుని ఉన్నారు. గాదీ మీద కూర్చోమని షేఠ్ చేతులతో చూపిస్తుంటే, అటు చూడటం లేదు. చేతిలో మా కార్డు ఉంది.

"ఈమెనా తెలుగు మనిషి?" అన్నారు నన్ను చూసి. "చెల్లె, లింబాయత్‌ల మా సుట్టపోళ్ళింట్ల దిగిన. సక్కగ ఈడికే వచ్చిన. కార్డు తెలుగుల పంపిండు గద, మాట గూడ తెలుగులనే నడువాలె. నువ్వు జర చెప్పు ఈయనకు. నాకు తగాదా ఉన్నది. తగాదా ఉంటె సూరత్‌లనే తేల్చుకోవాలె అని ఈయననే అచ్చు కొట్టిచ్చిండు. గందుకే వచ్చిన."

నేను హిందీలో చెప్పాను. చీరలు మడతపెట్టేవాళ్ళ చేతులు ఆగిపోయాయి. షేఠ్‌కి ఏం చెయ్యాలో తోచక నీళ్ళు తెప్పించారు, టీ తెప్పించారు, చల్లగా ఉంటుందని చెరకురసం కూడా చెప్పారు. జగిత్యాల ఆయన వేటినీ ముట్టుకోలేదు.

"ఈ పద్యం ఎవరు ఏరిన్రు?" అని అడిగారు.

"నేనేనండీ" అన్నాను. నా గొంతులో కొంచెం గర్వం పలికిందేమో కూడా.

"పద్యం మంచిగున్నది" అని, ఆయన కార్డు వైపు చూడకుండానే మొత్తం పద్యం అందుకున్నారు. స్టూలు మీద కూర్చునే, ఒక చెయ్యి చాపి, చివరి పాదం దగ్గర రాగం పైకి తీసి, ఆ చేదు మాట దగ్గర మెల్లగా దింపారు. పక్క దుకాణాల వాళ్ళు గుమ్మంలో మూగారు. నా ఒళ్ళు పులకరించింది. ఎమ్మే క్లాసులో కూడా ఆ పద్యాన్ని ఎవరూ అలా చదవలేదు. షేఠ్ నోరు వాహ్ అనడానికి తెరుచుకుని, అనొచ్చో కూడదో తెలియక మూసుకుంది.

"మంచిగున్నది గని, ఇది కవి మాట" అన్నారు జగిత్యాల ఆయన. "ఏరింది నువ్వు. అచ్చు కొట్టింది ప్రెస్సోడు. మరి ఈయన మాట ఏదీ? చీరె వచ్చింది, మనిషి రాలే. నా బిడ్డ పీటల మీద కూసోని అడిగింది, మా సూరత్ కాక ఏడి నాయినా అని. నేనేం జెప్పాలె? ఇప్పుడు పద్యం వచ్చింది. మనిషి గిప్పుడు గూడ రాలే."

పద్యంతో మనిషిని రప్పించానని మెట్ల మీద వస్తూ వస్తూ సంబరపడినదాన్ని, తల వంచుకుని ముక్కలు ముక్కలుగా హిందీలో చెప్పాను. షేఠ్ నా వైపు చూశారు, ఏదైనా మంచి మాట అందించమన్నట్టు.

అప్పుడు షేఠ్ గాదీ దిగి వచ్చి, ఆయన ఎదురుగా నేల మీద కూర్చున్నారు. హిందీలోనే మాట్లాడారు. రావాల్సిందన్నారు. టిక్కెట్టు కూడా తీసుకున్నానన్నారు. సీజనులో ఒక్కరోజు కూడా దుకాణం వదలబుద్ధి కాలేదన్నారు. "పెళ్ళి రోజు దాటిపోయాక ఫోన్ చెయ్యడానికి సిగ్గేసింది. నెల పోయాక ఇంకా సిగ్గేసింది. ఆ తరవాత నువ్వే చేస్తావని కూర్చున్నాను" అన్నారు. నేను తెలుగు చెయ్యబోతే జగిత్యాల ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"నువ్వు చెప్పకు చెల్లె. నాకు హిందీ వచ్చు" అన్నారు.

ఆయన చెరకురసం గ్లాసు అందుకుని సగం తాగారు. తరవాత హిందీలోకి దిగి, "ఇదంతా నాకెందుకు చెబుతున్నావు షేఠ్? పెళ్ళి నాది కాదు, నా బిడ్డది. దానికి చెప్పు. వచ్చే నెల దాని సీమంతం. కార్డు పంపకు, పార్సిల్ పంపకు. నువ్వు రా" అన్నారు. షేఠ్ నేల మీది నుంచే కొడుకుని కేకేసి, ఆ తారీఖున దుకాణం నువ్వు చూసుకోవాలి అన్నారు. ఈసారి ఆయన గొంతు మార్కెట్ అంతా వినిపించింది. జగిత్యాల ఆయన లేచి వచ్చి గాదీ అంచున కూర్చున్నారు.

ప్రయాణానికి ముందు షేఠ్ మళ్ళీ మా ఇంటికొచ్చారు. ఆ అమ్మాయితో తెలుగులో ఏం చెప్పాలో నేర్పమన్నారు. నాకు పాత ఉత్సాహం తన్నుకొచ్చి, కడుపుతో ఉన్న ఆడపిల్లని దీవించే పద్యం ఒకటి ఉంది, చిన్నదే, నేర్పుతానన్నాను.

"పద్యం వద్దు బెన్. అతను మళ్ళీ నీ మాట ఏదీ అని అడుగుతాడు" అన్నారు.

"అయితే ఏం చెప్పాలనుకుంటున్నారు?"

ఆయన చాలాసేపు ఆలోచించి, లేట్ అయిపోయింది అని చెప్పాలి అన్నారు. అంతేనా అన్నాను. అంతే అన్నారు. జగిత్యాల వైపు ఆడపిల్లని బిడ్డా అంటారు కాబట్టి, "ఆలస్యమైంది బిడ్డా" అని రాసిచ్చాను, గుజరాతీ అక్షరాల్లో. మా బందరు మాటలో అయితే అమ్మా అనేదాన్ని.

ఆ పదిహేను రోజులూ మా అపార్టుమెంటులో ఆ మాట తప్ప వేరే మాట లేదు. షేఠ్ లిఫ్టులో అనుకునేవారు, మెట్ల మీద అనుకునేవారు. కూరగాయల బండి ఆమె పొద్దున కాస్త ఆలస్యంగా వస్తే, బాల్కనీలోంచి "ఆలస్యమైంది బిడ్డా!" అని కేకేసేవారు. భాభీకి వచ్చేసింది. కింద ఆడుకునే పిల్లలకి వచ్చేసింది. మావారు బ్యాంకు నుంచి పొద్దుపోయి వస్తే వాచ్‌మన్ గేటు తీస్తూ అదే మాట అన్నాడట. వీళ్ళందరి చేతా తెలుగు మాట్లాడించినందుకు నాకు పద్మశ్రీ ఇవ్వాలన్నారు మావారు.

షేఠ్ వెళ్ళి వచ్చారు. దిగిన రోజే, బ్యాగు కూడా ఇంట్లో పెట్టకుండా, పైకొచ్చి మా సోఫాలో కూర్చున్నారు. ఏమైందో చెప్పమంటే నీళ్ళడిగారు. తాగి, మొహం తుడుచుకుని చెప్పారు.

ఇల్లంతా చుట్టాలు. ఆ అమ్మాయి పచ్చచీర కట్టుకుని, చేతులనిండా గాజులు వేసుకుని కుర్చీలో కూర్చుంది. దారంతా వల్లించుకుంటూ వచ్చిన మాట ఆమెని చూడగానే ఈయన నోటికి రాలేదు. పసిపిల్లగా ఒళ్ళో కూర్చున్న మనిషి అంత పెద్దదై కనిపించేసరికి ఊరికే నిలబడిపోయారట. ఆమే ముందు పలకరించింది.

"కాకా, తిన్నరా?"

మా షేఠ్‌కి ఆ రెండో మాట తెలియదు. ఏదో అడిగిందని మాత్రం తెలిసింది. ఆయన దగ్గర ఉన్న తెలుగు ఒక్కటే. అదే చెప్పారు.

"ఆలస్యమైంది బిడ్డా."

చుట్టాలందరూ ఒక్కసారిగా నవ్వారట. వాళ్ళ నాన్న కూడా నవ్వారట. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదట. ఎవరు వద్దన్నా వినకుండా కుర్చీలోంచి లేచి, గాజుల చేతులతో ఈయన చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి, తనే విస్తరి వేసి, ఆయన తినేదాకా ఎదురుగా కూర్చుందట.